ఆరో గీత వంకర

లైనక్క గీసిన గీత వంకరగా ఉందని ఎవరైనా అంటే, ముందు వెళ్లి కళ్లు చూపించుకోమనేవాడు ఆమె తమ్ముడు. అలాంటి తమ్ముడు ఆ పొద్దున బడి గ్రౌండులో, ఎర్రగా మెరిసిపోతున్న కొత్త ట్రాకు మీద, చేతిలో రోలరు పట్టుకుని నీళ్లు నములుతూ నిలబడ్డాడు. అప్పుడే వేసిన ఆరో గీత ఇంకా తడి ఆరలేదు. గీత వంకరగా ఉంది. ఏదో కొద్దిగా అనుకునేరు, సరిగ్గా నడిమధ్యలో, కడుపునిండా తిని పడుకున్నవాడి పొట్టలా ఉబ్బి ఉంది. లైనక్కేమో అవతలి కొసన నిలబడి, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో గురి చూసి, "ఆఁ, ఇప్పుడు దారికొచ్చింది. గీతంటే అలా ఉండాలి" అంటోంది.

ఇదెలా జరిగిందో చెప్పాలంటే అసలు లైనక్క ఎవరో చెప్పాలి. కాస్త ఓపిక పట్టండి.

ఆమె పని గీతలు గీయడం. రోడ్ల మీద, బళ్లు నిలిపే చోట్ల, గోదాముల్లో, అన్నిటికంటే ఎక్కువగా ఆటస్థలాల్లో. పెళ్లికి ముందే రోడ్డు గీతల ముఠాలో చేరింది. తడి రంగు మీదికి బళ్లు రాకుండా జెండా ఊపడం ఆమెకిచ్చిన పని. ఒకరోజు జెండా ఊపుతూనే, "మేస్త్రిగారూ, మీ దారం ఎక్కడో రాయికి తట్టుకుంది, గీత పక్కకు పోతోంది" అంది. మేస్త్రి కస్సుమన్నాడు. తీరా వెళ్లి చూస్తే దారానికి అడ్డంగా వేలి గోరంత గులకరాయి. ఆ సాయంత్రమే జెండా ఇంకొకరి చేతికి, బ్రష్షు ఈవిడ చేతికి వచ్చాయి. లైనక్క అన్న పేరు కూడా అప్పుడే అతుక్కుంది. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే ఆవిడే పలకదు.

మనిషి మాత్రం మహా చాదస్తం. ఎవరింటికి వెళ్లినా గోడ మీద ఫొటోలు సరిచేయందే కుర్చీలో కూర్చోదు. బస్సులో ముందు సీటాయన కాలరు ఒకవైపు మడతపడి ఉంటే దిగేదాకా ఆమె ప్రాణం కొట్టుకుంటూనే ఉంటుంది. ఆమె భర్తది ఇస్త్రీ కొట్టు. "ఆవిడ గీతలు గీస్తుంది, నేను మడతలు పెడతాను, మా ఇంట్లో వంకరగా ఉండేవి మా మాటలే" అని కొట్టుకొచ్చిన ప్రతివాళ్లతోనూ అంటాడు. అన్నదే అంటాడు, అన్న ప్రతిసారీ కొత్తగా నవ్వుతాడు. మంచివాడు పాపం.

ఇక తమ్ముడు. దారం రెండో కొస పట్టుకునే మనిషి. అక్క ఒక కొసన నిలబడి, ఎడమ కన్ను మూసి, "కుడికి జరుపు, ఇంకాస్త, ఆగు" అంటూ ఉంటే, అతను అన్నచోటల్లా సుద్దతో చుక్క పెడతాడు. దారం ఒకటి చెప్పి, అక్క కన్ను ఇంకోటి చెబితే కన్ను మాటే నెగ్గుతుంది. గులకరాయి నాటి నుంచీ వాళ్లిద్దరికీ అదే చట్టం. వేరే ముఠా అయితే దారాన్నే నమ్మేది, ఆరో గీతకు ఈ గతి పట్టేది కాదు.

ఆ బడికి ట్రాకు కొత్తగా వేశారు. పిల్లల కంటే డ్రిల్లు మాస్టారికి సంబరం ఎక్కువ. మెడలో ఈల, కాళ్లకు తెల్ల బూట్లు, కుదురుగా ఒకచోట నిలబడితే ఒట్టు. రెండో గీత తడి మీద కాలేసి, ఆ సంగతి తెలియకుండానే ఆఫీసుకు వెళ్లాడు, మెట్లెక్కాడు, స్టాఫ్ రూముకు వెళ్లాడు, చివరికి హెడ్‌మిస్ట్రెస్ గదిలో బీరువా పక్కన నిలబడి మాట్లాడొచ్చాడు. దారి పొడుగునా తెల్లటి అడుగులు. లైనక్క తడిబట్ట పట్టుకుని ఒక్కో అడుగూ తుడుచుకుంటూ బీరువా దాకా వెళ్లింది. "మాస్టారూ, రంగు నాది, కాలు మీది, తుడిచేది మళ్లీ నేనే" అని దులిపేసింది. ఆయన ఈల నోట్లో పెట్టుకుని తల వంచుకున్నాడు.

ఆ తర్వాత మూడు, నాలుగు, ఐదు గీతలు సాఫీగా పూర్తయ్యాయి. కొన్నాళ్లు వాన వచ్చి పని ఆగింది. మళ్లీ మొదలుపెట్టి ఆరో గీతకు దారం లాగగానే లైనక్క మొహం చిట్లించింది.

"ఒరేయ్, దారం వదులుగా పట్టుకున్నావు."

"లేదక్కా, చేతులు తెగేలా లాగుతున్నా."

"మరి మధ్యలో ఎందుకు వంగింది?"

తమ్ముడు చూశాడు. అతనికి వంగినట్టు కనబడలేదు. దారం మార్చారు. వంకర పోలేదు. గాలికి అయ్యుంటుందని గాలి తగ్గేదాకా కూర్చున్నారు. పోలేదు. ఇక లైనక్కకు ఒళ్లు మండింది. "దారం తీసి అవతల పారెయ్. నేను చెప్పినచోట చుక్క పెట్టు" అంది. ఆమె చెప్పింది, అతను పెట్టాడు, చుక్కలు కలిపారు, రంగు వేశారు. ఇదిగో, పొట్ట వచ్చింది.

తమ్ముడు రోలరు కడిగి, డబ్బాలు సర్ది, అక్కను ఇంటికి పంపి, తిన్నగా ఇస్త్రీ కొట్టుకు పరిగెత్తాడు.

"బావా, అక్క గీత వంకర వేసింది."

"వేళాకోళాలకు నేనే దొరికానా" అన్నాడు బావ. అంటూనే చేతిలో ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టాడు. మొన్న తను ఇస్త్రీ చేసిన ప్యాంటు మడత చూసి ఆమె, "మెలిక తిరిగింది" అన్నది గుర్తొచ్చింది. ఆ మాటకు అతను అన్నం కూడా సరిగ్గా తినలేదు. అతని మడతకు అంత పౌరుషం మరి. "మొన్న నన్నూ అలాగే అంది. నా మడతనే అందిరా."

ఇద్దరూ ఇంటికి వెళ్లారు. తమ్ముడు దారం ఉండ తీసి, ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొస అక్క చేతిలో పెట్టాడు. "గట్టిగా లాగక్కా" అన్నాడు. ఆమె లాగింది. అతను వేలితో మీటితే దారం జుమ్మంది.

"ఇంత బిగువు మీదున్న దారం వంగుతుందా?"

"ఎందుకు వంగుతుంది, తెలివితక్కువ ప్రశ్న."

"అయితే చూడు."

ఆమె ఎడమ కన్ను మూసింది. దారం మధ్యలో వంగి ఉంది. చూపు కిటికీ వైపు జరిపింది. వంకర కిటికీ వైపు జరిగింది. చూపు తన చేతి వైపు తెచ్చుకుంది. వంకర కూడా పెంపుడు కుక్కలా వెంటే వచ్చింది. అప్పుడు, ఇన్నేళ్ల పనిలో ఎన్నడూ చేయనిది, కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూసింది. దారం తిన్నగా ఉంది.

"వంకర దారంలో లేదురా," అంది మెల్లగా. "నాతో పాటే తిరుగుతోంది."

 భర్త ఏదో జోకు వేయబోయి మింగేశాడు. పట్టపగలు కొట్టు మూసి, ఆమెను వెంటబెట్టుకుని కంటి ఆసుపత్రికి బయల్దేరాడు.

అక్కడ కూడా ఆవిడ ఆవిడే. అక్షరాల బోర్డు చూడగానే, "ముందు ఆ బోర్డు సరిగా తగిలించండి, ఎడమవైపు కిందికి దిగింది" అంది. చిన్న వయసు డాక్టరమ్మ నవ్వి, లేచి, బోర్డు సరిచేసింది. కళ్లద్దాలు రాసిస్తే తీసుకుని పోదామని లైనక్క ఆలోచన. కంట్లో చుక్కలు వేశారు, లైటు వేసి చూశారు, పెద్ద మిషను ముందు గడ్డం ఆనించి ఫొటోలు తీశారు. చూస్తూ చూస్తూ డాక్టరమ్మ నవ్వు ఎక్కడికో పోయింది.

"అమ్మా, ఇంతకుముందు మీకు పెద్ద జబ్బేమైనా చేసిందా?"

"ఏం లేదు. రాయిలా ఉన్నాను."

భర్త దగ్గాడు. ఆమె అతని వైపు కొరకొరా చూసింది. "ఎప్పుడో రొమ్ములో గడ్డొస్తే ఆపరేషన్ చేసి తీసేశారు. ఏళ్లపాటు బిళ్లలు మింగించారు, ఇక చాలన్నారు. అయిపోయింది ఆ సంగతి. కంటికీ దానికీ ఏంటి సంబంధం?"

డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుంది. తెర మీద ఫొటో చూపించింది. నారింజ రంగు గుండ్రంలో లేత పసుపు మచ్చ ఒకటి.

"ఇది మీ కంటి లోపలి గోడ. చూపునిచ్చే పొర పైన ఉంటుంది, దాని కిందే రక్తనాళాలు వలలా అల్లుకున్న ఇంకో పొర ఉంటుంది. ఆ వలలోకి రక్తం చాలా ఎక్కువగా వస్తుంది. మీ గడ్డ తీసేయకముందే అందులోంచి కొన్ని కణాలు ఊడి రక్తంలో పడి ఉంటాయి. అలా పడ్డవి చాలావరకు దారిలోనే చచ్చిపోతాయి. ఏ కొన్నో బతికి, గుండెలోకి, ఊపిరితిత్తుల్లోకి, మళ్లీ గుండెలోకి వెళ్లి, అక్కడి నుంచి రక్తంతో పాటు ఎటైనా పోతాయి. కొన్ని ఈ వల దాకా వచ్చి సన్నటి నాళాల్లో చిక్కుకుంటాయి. ఏళ్ల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఒకరోజు పెరగడం మొదలుపెడతాయి. కింద అది పెరిగి నీరు చేరితే పైపొర లేస్తుంది, గోడకు అంటించిన కాగితం వెనక తడి చేరినట్టు. లేచిన కాగితం మీద తిన్నని గీత కూడా వంకరగానే కనిపిస్తుంది కదా."

లైనక్కకు భయం వేసింది.  ఆపరేషన్ తర్వాత అద్దంలో చూసుకుని, పోయిందిలే, పీడ విరగడైందిలే అని తనకు తాను చెప్పుకున్న రోజులన్నీ కళ్లముందు తిరిగాయి. ఎక్కడి రొమ్ము, ఎక్కడి కన్ను. దానికి ఇంత ఒంట్లో తన గురి కన్నే దొరికిందా? 

"అయితే ఇప్పుడు నాకు కంటి క్యాన్సర్ కూడానా?"

"కాదమ్మా. అదే చెప్పబోతున్నా. కంట్లో ఉన్నా అది రొమ్ము క్యాన్సరే. పరీక్షలు చేసి రూఢి చేసుకోవాలి. ఆ పాతదే అయితే, ఏ మందుకు లొంగే రకమో మనకు తెలుసు."

 లైనక్క కుర్చీలోంచి సగం లేచింది. "డ్రిల్లు మాస్టారి బూటు" అంది.

డాక్టరమ్మ బిత్తరపోయింది. భయానికి ఆమెకు మతిపోయిందేమో అనుకున్నాడు భర్త.

"తడి గీత తొక్కి ఊరంతా తిరిగాడండీ ఆయన. ఎక్కడో బీరువా పక్కన కూడా అడుగు పడింది. బీరువా దగ్గర పడినంత మాత్రాన అది బీరువా రంగు అవుతుందా, నా రంగే కదా. నా రంగు దేనికి వదులుతుందో నాకు తెలుసు. అంతేనా డాక్టరమ్మా?"

"అంతే" అంది డాక్టరమ్మ. ఈసారి ఆమె నవ్వు తిరిగొచ్చింది. "కాకపోతే ఇంకా ఎక్కడెక్కడ అడుగులు పడ్డాయో ఒళ్లంతా వెతకాలి. అన్నీ పూర్తిగా తుడుచుకుపోతాయని మాత్రం చెప్పను. అణిచి ఉంచుతాం. ఏళ్లకేళ్లు అణిచి ఉంచగలం. ఆ కంటి చూపు ఎంత తిరిగొస్తుందో చూడాలి."

వెతికారు. నడుము ఎముకలో ఇంకో అడుగు దొరికింది. అక్కడి నుంచి ముక్క తీసి పరీక్షిస్తే పాతదేనని తేలింది. ఆ రకానికి పనిచేసే బిళ్లలు మొదలుపెట్టారు, కంటికి కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, మొదలైంది. మొహం అచ్చుతో చేసిన తొడుగు తగిలించి, కదలకుండా పడుకోబెట్టి, మిషను తిప్పుతారు. మొదటిరోజు ఆ తొడుగులో ఊపిరాడనట్టు అనిపించి ఏడ్చింది. రెండోరోజు, పైనున్న లైట్ల వరస తిన్నగా లేదని అక్కడి మనిషితో గొడవ పెట్టుకుంది. ఆ మాట విని భర్తకు ప్రాణం లేచొచ్చింది.

ఇదంతా ఇలా ఉండగా బడిలో ఆటల పోటీలకు ఇక కొన్ని నెలలే మిగిలాయి. డ్రిల్లు మాస్టారు తమ్ముడికి కబురు పెట్టాడు, ఆ వంకర గీత మీద ఎర్ర రంగు కొట్టి కొత్తది వేయమని. ఆ సంగతి తెలిసి లైనక్కే గ్రౌండుకు వచ్చింది. ముందు ఎడమ కంటితో చూసింది. "ఛీ ఛీ, ఇదా నేను గీసింది. రోడ్డు మీద బండి చక్రం వేసిన గీత కూడా దీనికంటే నయం" అని తిట్టుకుంది. తర్వాత పాత చోటే నిలబడి కుడి కంటితో చూసింది. నిక్కచ్చిగా తిన్నగా ఉంది. అప్పుడు వచ్చింది ఆమెకు ఆలోచన.

"మాస్టారూ, దీన్ని ముట్టుకోకండి. ఇది వంకరని నా కుడి కంటికి తెలిసిన రోజున నేనే చెరిపి, నేనే వేస్తాను."

"పోటీల లోపు తెలియకపోతే?"

"పోటీల ముందురోజు దాకా ఆగండి. అప్పటికీ నాకు తిన్నగానే కనిపిస్తే మా తమ్ముడు వేస్తాడు. ఇక గురి పని నాది కాదు, వాడిది."

ఈ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో తమ్ముడొక్కడికే తెలుసు. అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఇక చూడండి వేడుక. కరెంటు పెట్టడం అయిపోయింది. వారం వారం లైనక్క గ్రౌండుకు రావడం, గీత కొసన నిలబడటం, ఎడమ కన్ను మూయడం. మొదట భర్త, తమ్ముడే ఉండేవాళ్లు. తర్వాత డ్రిల్లు మాస్టారు చేరాడు. ఆ తర్వాత వంటగది ఆయాలు, గేటు మనిషి, ఇద్దరు టీచర్లు. ఆమె కన్ను మూయగానే అందరూ ఊపిరి బిగబట్టేవాళ్లు. పనిచేసినవాళ్లెవరైనా పని తిన్నగా ఉండాలని మొక్కుకుంటారు. ఇక్కడ ఇంతమంది గీత వంకరగా కనబడాలని మొక్కుకుంటున్నారు.

"తిన్నగానే ఉంది" అనేది ఆమె. గుంపంతా డీలా పడేది. "తిన్నగా ఉంటే ఏడుస్తారేంటమ్మా" అని గేటు మనిషి తల గోక్కునేవాడు, అతనికి విషయం అప్పటికింకా ఎవరూ చెప్పలేదు.

బిళ్లలతో నీరసం వచ్చేది. నోటికి రుచి ఉండేది కాదు. కన్ను ఎండిపోయి గరగరలాడేది. కొన్ని రోజులు పక్క మీద నుంచి లేవనని మొండికేసేది. "లేవకపోతే నీ చీర నేనే ఇస్త్రీ చేసి, మడత వంకరగా పెడతాను" అని భర్త బెదిరించేవాడు. ఆ బెదిరింపు మాత్రం ఎప్పుడూ పనిచేసింది.

ఒకసారి, చాలాసేపు చూసి, "ఊగుతోంది" అంది. "తిన్నగానూ లేదు, వంకరగానూ లేదు. మనసు మార్చుకుంటున్నట్టుంది." ఆ రోజు డ్రిల్లు మాస్టారు ఆనందం పట్టలేక ఈల ఊదితే తరగతుల్లోని పిల్లలంతా బెల్లు కొట్టారనుకుని బయటికి వచ్చేశారు. వాళ్లను లోపలికి తోలేసరికి ఆయన గొంతు పోయింది.

పోటీల ముందురోజు పొద్దున. తమ్ముడు రోలరు, ఎర్ర రంగు డబ్బా, తెల్ల రంగు డబ్బా, కొత్త దారం ఉండ అన్నీ తెచ్చి పెట్టాడు. గురి ఎవరు చూడబోతున్నారో ఇంకా ఎవరికీ తెలియదు. అతను అవతలి కొసకు వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. రాత్రంతా నిద్రలేని మొహం. అక్క పని తనకు రాకూడదని అతను కోరుకున్నంతగా ఎవరూ కోరుకుని ఉండరు.

లైనక్క తన చోట నిలబడింది. ఎడమ కన్ను మూసింది.

చూసింది. చూస్తూనే ఉంది. భర్త చొక్కా అంచు పట్టుకుని నలుపుతున్నాడు, ఇస్త్రీ చేసిన చొక్కా అన్న ధ్యాసే లేదు. డ్రిల్లు మాస్టారు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కదలకుండా నిలబడ్డాడు. ఆమె తల కాస్త ముందుకు వంచింది. 

"ఒరేయ్ తమ్ముడూ."

"ఏంటక్కా?"

"మధ్యలో పొట్టేంట్రా అది?"

అతను లేచి నిలబడ్డాడు. "ఏదక్కా?"

"అదేరా. దరిద్రం, ఇంత వంకరగానా గీశాను? చెప్పవేంరా నువ్వు, కళ్లు లేవా నీకు?"  నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియడం లేదు. "వంకరండీ. ఏమండీ, ఈ కంటికి కూడా వంకరే. ఎంత అసహ్యంగా ఉందో చూడండి."

ఏనాడూ అక్క గీతను పల్లెత్తు మాట అనని తమ్ముడు ఆ చివర నుంచి గ్రౌండు అదిరేలా కేక పెట్టాడు: "వంకరేనక్కా! పరమ వంకర!" గుంపంతా "వంకర, వంకర" అంటూ చప్పట్లు కొట్టింది. గేటు మనిషి కూడా కొట్టాడు, అతనికి ఆ మధ్యే చెప్పారు.

నడుములో నొప్పి ఉంది. మింగాల్సిన బిళ్లలు ఉన్నాయి, అవి రేపూ ఉంటాయి, వచ్చే ఏడూ ఉంటాయి. రేపు ఇంకెక్కడ అడుగు పడుతుందో డాక్టరమ్మ కూడా చెప్పలేదు. అవన్నీ లైనక్కకు తెలుసు. ఇప్పుడు మాత్రం దారం కావాలంది. తమ్ముడు కొత్త ఉండ విప్పి కొస లాగాడు, ఆమె కుడి కంటితో చూసింది, దారం ఏ వంకా లేకుండా అవతలి దాకా వెళ్లింది.

తమ్ముడు ఎర్ర రంగు డబ్బా మూత తీశాడు. రోలరు ముంచి పాత గీత మీద పెట్టబోయాడు.

"ఆగరా" అంది లైనక్క. ఎడమ కన్ను మళ్లీ మూసింది. "ఇంకొక్కసారి చూసుకోనీ."